ఇరవై ఎనిమిది డిగ్రీల ముహూర్తం

ఏమండీ,

పాలు కాచి మూత పెట్టాను. ఇడ్లీలు కుక్కర్లోనే ఉన్నాయి. మోకాలి మాత్ర టిఫిన్ తిన్న తర్వాతే వేసుకోండి.

థర్మామీటర్ కోసం ఇల్లంతా వెతకొద్దు. నేనే తీసుకెళ్తున్నాను, కింద స్విమ్మింగ్ పూల్‌కి.

మోకాలికి ఈత మంచిదని డాక్టర్ చెప్పి పదకొండు నెలలైంది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే నీళ్ళలో థర్మామీటర్ ముంచి, ఆ అంకెను క్యాలెండర్ కాగితం మీద రాసి ఊరుకుంటున్నారు. మార్గళి నెల చలిలో ఇరవై నాలుగు. "ఐసు మాదిరుండాది" అన్నారు. మే నెల కత్తిరి ఎండల్లో ముప్పై రెండు. "ఇది రసం, మిరియాలే తక్కువ" అన్నారు. పోయిన సోమవారం మీరు కోరుకున్న ఇరవై ఎనిమిది రానే వచ్చింది. "ఏడున్నర దాటిపోయిందే, రాహుకాలంలో యాడ దిగేది?" అని పైకొచ్చేశారు.

మీరు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నెల రోజులుగా నేను ఈత నేర్చుకుంటున్నాను. నీళ్ళు ఎన్ని డిగ్రీలో ఒక్కరోజూ చూడలేదు. మొదటి నిమిషం వణుకుతాం, అంతే. థర్మామీటర్ మీ చేతికి దొరికితే మళ్ళీ అంకె రాసుకుని కూర్చుంటారు.

కన్యక

ఇంకొకటి. మూడడుగుల లోతులో భయం పోయింది. ఐదడుగుల వైపుకి వెళ్ళాలంటే గట్టు మీద మీరు కనబడాలి. దిగకపోయినా పర్వాలేదు, వచ్చి కూర్చోండి. ఈరోజు రాహుకాలం పన్నెండుకి. నేనూ చూసుకునే వెళ్తున్నాను.