రెండో పొట్లం

హిమేజీ,
అక్టోబరు 20, 1984, శనివారం.

పూజ్యురాలైన హత్సుయే అత్తయ్యకు,
మేనకోడలు షిహోకో నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

పొద్దున్నే గాలిలో చలి తెలుస్తోంది. తత్సునోలో ఏటిపక్కన ఇంకా ఎక్కువ ఉంటుంది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కనుక రాశాను. అలిసిపోయి ఉన్నామని రాస్తే ఇంకొంచెం నిజంగా ఉంటుంది.

పోయిన వారమే నాదా పండగ అయింది. పల్లకీలు మోసిన మగవాళ్లకు భుజాలు వాచాయి. ఆ మగవాళ్లకూ వాళ్ల చుట్టాలకూ తిండి కట్టిచ్చిన మాకు చేతులు వాచాయి. స్టేషను దగ్గర డిపార్ట్‌మెంట్ స్టోరు అడుగంతస్తులోని మన కౌంటర్లో ఫుసానో గారు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఒక కొత్తకోడలు వచ్చి, మీ పేరున్న కాగితం వద్దండీ, ఉత్త కాగితంలో చుట్టివ్వండి, ఇంట్లో నేనే వండానని చెప్పాలి అందట. మీ అత్తగారు ఒక్క ముద్ద తినగానే పట్టేస్తుందమ్మా, ఇంత రుచిగా నువ్వెప్పుడు వండావు అని, అంటూనే ఉత్త కాగితంలో చుట్టిచ్చిందట ఫుసానో గారు. ఆ పూట నేను నవ్విందల్లా అదే.

వీధి చివర ఒక్క తలుపు కొట్టుగా ఉన్నప్పుడు బామ్మ బంగాళాదుంప కొరొక్కె వడలు వేయించేదట, నువ్వు చామదుంపలు ఉడికించేదానివట, నాన్న సైకిలు మీద ఇంటింటికీ చేరవేసేవారట. ఇప్పుడు హిమేజీలో, కోబెలో, ఓసాకాలో కౌంటర్లు. షికామా రేవు దగ్గర ఫ్యాక్టరీ. వచ్చే నెల టోక్యో. క్యోటోలో సాహిత్యం చదివి వచ్చిన నాకు ‘ప్రణాళికా విభాగం’ అని రాసిన బల్ల ఒకటి ఇచ్చారు. విభాగం మొత్తం నేనొక్కదాన్నే. బంగాళాదుంప సలాడు ఫోటోలో క్యారెట్టు ముక్క ఎటు తిరిగి ఉండాలో తేల్చడం నా చదువుకు తగిన పని. సాయంత్రం వల టోపీ తీస్తే జుట్టంతా వేపుడు నూనె వాసన. ఎంత రుద్దినా పోదు. రైల్లో పక్క సీటు మనిషి ఆకలేస్తోందన్నట్టు నావైపు చూస్తాడు.

అసలు సంగతి దుంపల గురించి.

నీకు తెలుసో లేదో, నువ్వు వెళ్లిపోయాక కూడా కౌంటర్లో వాటి పేరు మారలేదు. ఇంట్లో నీ పేరు ఎత్తరు. నాన్న ముందు ఎత్తితే ఆయన పత్రిక పేజీ తిప్పుతారు. కానీ కౌంటరు దగ్గర పొద్దుటినుంచి సాయంత్రందాకా నీ పేరే. రెండు వందల గ్రాముల హత్సుయే ఇవ్వండి, ఈరోజు హత్సుయే మెత్తగా ఉందా, నిన్న హత్సుయే దొరకనే లేదు, అని. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత, ఏమీ తోచనప్పుడు ఆ పిలుపు వినడానికే కిందికి దిగి వెళ్లేదాన్ని.

టోక్యో కౌంటరుకు మొదటి వరసలో ఏ వంటకాలు పెట్టాలన్నది తేల్చేందుకు సెప్టెంబరంతా ఫ్యాక్టరీలో తిన్నాం. ఓసాకా హోటలు నుంచి నాన్న తెచ్చిన సెగావా గారు పెద్ద వంటమనిషి. చెడ్డవాడు కాదు. దుంపలు పొయ్యిమీద నుంచి దించీ దించగానే నాలుకమీద పెట్టుకుని, ఆహా, ఇదీ రుచంటే అన్నారు. మనం అమ్మేది చల్లారిన తిండి కదండీ, చల్లారాక చూడండి అన్నాను. ఆయన గరిటె కిందపెట్టి, అమ్మాయిగారూ, మీ నాన్నగారు నన్ను తెచ్చింది వండడానికి, దుంపలకు దుప్పటి కప్పడానికి కాదు అన్నారు. ఆ దుప్పటి కథ ఆయనకు ఎవరు చెప్పారో మరి. నవ్వాను కానీ మనసు చివుక్కుమంది.

నువ్వు గిన్నె దించి, పత్రికల్లో చుట్టి, పైన బామ్మ నీలం దూదికోటు కప్పేదానివి. పడుకోబెట్టాను, ఎవరూ లేపకండి అనేదానివి. చిన్నప్పుడు నేను నిజంగానే గిన్నె పక్కన మునివేళ్ల మీద నడిచేదాన్ని. రుచి దుంపలోకి దిగేది ఉడికేటప్పుడు కాదు, చల్లారేటప్పుడని నువ్వే చెప్పావు.

ఫ్యాక్టరీలో అలా కుదరదు. అన్ని వేలమంది తినే తిండిని వెచ్చవెచ్చగా వదిలేస్తే పాడవుతుంది. పొయ్యి దిగింది దిగినట్టు చలిగదిలోకి పోవాలి. ఆ నియమం తప్పని నేననను. కానీ చలిగది నుంచి తెచ్చిన దుంపను చాకుతో రెండుగా కోసి చూశాను. పైన అంచంతా రంగు, లోపల తెల్లగా, చప్పగా. సెగావా గారు తత్సునో లేతరంగు సోయా సాస్ మానేసి నల్లది పోశారు, చక్కెర పెంచారు. పైన ఇంకా నల్లబడింది. లోపల అదే తెలుపు. టోక్యో స్టోరు నుంచి వచ్చినవాళ్లు మాత్రం, ఆ నలుపు చూడండి, ఇదే కదా పల్లె రుచి అని తెగ మెచ్చుకున్నారు. మన ఊళ్లో దుంపలు ఎప్పుడు నల్లగా ఉన్నాయని!

గురువారం మీటింగులో నాన్న జాబితా చదువుతూ దుంపల దగ్గర ఆగారు. ‘హత్సుయే దుంపలు’ తీసేయండి, టోక్యోలోనే కాదు, అన్ని కౌంటర్లలోనూ అన్నారు. సెగావా గారే తెల్లబోయారు. నేను లేచి నిలబడ్డాను. మనిషి పేరున్న వంటకం మనకు అదొక్కటే, ఈ కంపెనీ దానితోనే మొదలైంది, తీసేస్తే ఇనవోకా అన్న మన ఇంటిపేరుకు అర్థమేముంది అని ఏదేదో మాట్లాడాను. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని, ప్రణాళికా విభాగం ఇక కూర్చోవచ్చు అన్నారు. కారణం చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నేను సలాడ్ల చలిగదిలోకి పోయి ఏడ్చాను. అక్కడైతే అందరి ముక్కులూ ఎర్రగానే ఉంటాయి, ఎవరూ అడగరు.

సోమవారం నుంచి కౌంటర్లో నీ పేరు వినపడదు. నువ్వు వెళ్లిన రోజు నాకు గుర్తుంది అత్తయ్యా. ఫ్యాక్టరీ కట్టే ముందు పెద్దమనుషులు కొట్టు చూడ్డానికి వచ్చారు. వాళ్ల ముందే నాన్న గిన్నె మీది కోటు లాగేసి, ఈ ముతక పనులు ఇక చాలు అన్నారు. కోటు మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయావు. బామ్మ సంవత్సరీకానికి కూడా అందరికంటే ముందు వచ్చి, ధూపం వెలిగించి, మేం వచ్చేసరికి లేవు. పొగ మాత్రం ఉంది.

నాన్న మారిపోయారనడానికి ఇంకో సంగతి కూడా ఉంది, రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆదివారాలు గోల్ఫంటూ సంచీ భుజాన వేసుకుని పోతారు. సాయంత్రం తిరిగొచ్చాక ఆ గోల్ఫు బూట్లు నేనే సర్దుతాను. ఒక్క గడ్డిపరక అంటదు. ఎక్కడో ఎవరో ఉన్నారమ్మా, ఆ వయసు మగాళ్లకు మామూలే అని ఫుసానో గారు నా చెవిలో ఊదింది. అమ్మ మాత్రం మరుసటి ఆదివారానికి బూట్లకు మళ్లీ పాలిష్ పెడుతుంది.

టోక్యో ప్రారంభానికి నిన్ను పిలుద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నువ్వు వస్తే, అక్కడ నీ పేరు రాసిన పళ్లెం ముందు నువ్వూ నాన్నా నిలబడితే, ఏదో ఒకటి అవుతుందని ఆశ. ఇప్పుడు ఆ పళ్లెమే లేదు. ఏ మొహంతో పిలవను? కొత్త సంవత్సరం దాటాక నేనూ మానేస్తాను. ఎక్కడికి పోతానో తెలియదు. నూనె వాసన లేని చోటికి.

ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా నీ దగ్గరకు వచ్చిన ఆదివారమే గుర్తొస్తోంది. తత్సునోలో నువ్వు పెట్టుకున్న దుంపల కొట్టు లోపల కూర్చుని పుచ్చకాయ తిన్నాం. ఎదురుగా పొగాకు కొట్టు పెట్టుకున్న ముసలావిడ వచ్చి రెండు పొట్లాల దుంపలు అడిగింది. ఒంటి ప్రాణం, అంత తిండి ఎక్కడికి పోతోంది నీకు అని నువ్వు ఆటపట్టిస్తే, రెండోది పిల్లికమ్మా అంది. ఆదివారం ఆదివారం దుంపలు తినే పిల్లి ఎక్కడిదే అని నువ్వు కళ్లనీళ్లొచ్చేలా నవ్వావు. ఈ ఏడాదంతటికీ నాకు మిగిలిన మంచి పూట అదే.

చలిలో నీళ్లలో ఎక్కువసేపు చేతులు నానబెట్టకు. ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

నీ పేరు వినడానికి మెట్లు దిగే,
షిహోకో

తాజా కలం: ఆదివారం సాయంత్రం. అంటించిన కవరు మళ్లీ చింపాను. మధ్యాహ్నం దీన్ని పోస్టు డబ్బాలో వేద్దామని స్టేషనుకు వెళితే, బస్సులు ఆగే చోట బెంచీమీద నాన్న కనపడ్డారు. గోల్ఫు సంచీ పక్కన చేరేసి ఉంది. ఒళ్లో పొట్లం. నువ్వు కట్టే పద్ధతిలో, రబ్బరు బ్యాండు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ప్రతి దుంపనీ తినే పుల్లలతో రెండుగా చీల్చి, లోపల చూసి, అప్పుడు నోట్లో పెట్టుకుంటున్నారు. నన్ను చూసి దాచుకోలేదు. జరిగి చోటిచ్చి, సగం దుంప నా చేతిలో పెట్టారు. చూడు, లోపలిదాకా ఉంది అన్నారు. మన ఫ్యాక్టరీ దుంప నువ్వూ కోసి చూశావుగా, దానిమీద నా చెల్లెలి పేరు పెట్టి ఎలా అమ్మమంటావు, మిగతావన్నీ నా పేరుమీద అమ్ముకుంటున్నాను, అది చాలు అన్నారు. మరి నేరుగా అత్తయ్య కొట్టులోకే వెళ్లి కొనుక్కోవచ్చుగా అని నేనంటే, కోటు లాగిన చేత్తో పొట్లం ఎలా అందుకోను అన్నారు. ఆగస్టులో నువ్వు తీరిగ్గా పుచ్చకాయ తింటుంటే ఎదురు పొగాకు కొట్టులో చెమటలు కక్కుతూ నిలబడ్డాను, ఎంతకీ కదలవేం అని కసిరారు కూడా. నీకు చెప్పొద్దని మరీమరీ అన్నారు. నేను మాటివ్వలేదు.

అత్తయ్యా, వచ్చే ఆదివారం ఆవిడ రెండు పొట్లాలు అడిగితే ఒక్కటే ఇవ్వు. దుంపలున్నా సరే, అయిపోయాయను. పిల్లినే రమ్మను.