వాసన లేని నూనె

ప్రియమైన అక్కా,

ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద ఎంత అరిచినా చివరిదాకా చదవక తప్పదు. అందుకే ఉత్తరం.

విమానాల కోసం మీ యూనివర్సిటీ చేసిన నూనె మా ఎయిర్‌పోర్టు యార్డుకి వచ్చింది. పెళ్లికొడుకు దిగినట్టు దిగింది. గేటుకి బ్యానరు కట్టారు. విశ్వవిద్యాలయం, విమానాల కంపెనీ, మా ఇంధనం కంపెనీ అని రాసి, కింద ఒకదాని మీద ఒకటి పెట్టిన మూడు చేతుల బొమ్మ వేశారు. ఆ మూడు చేతుల్లో ఒక్కదానికీ జిడ్డు లేదు. కోట్లు వేసుకున్నవాళ్లు వచ్చి మా అందరి చేతులూ ఊపి, అటు తిరిగి జేబురుమాళ్లతో తుడుచుకున్నారు.

అది పోనీ. నాకు అర్థంకానిది వేరే ఉంది. విమానానికి పోసేముందు ట్యాంకరులోంచి కొంచెం గాజు సీసాలోకి పట్టి, వెలుతురుకి ఎత్తి చూడాలి. నీళ్లో మడ్డో ఉంటే కనబడుతుంది. అది నా పని. మీ నూనె పట్టి చూస్తే అచ్చం మంచినీళ్లే. మూత తీసి ముక్కు పెట్టాను. వాసన లేదు. మా ఇంధనం వాసన ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, నా చొక్కాలు వేరే ఉతికేదానివి.

ట్యాంకరు నడిపే పెద్దాయన్ని మేమందరం తాత అంటాం. "తాతా, ఇది నూనేనా, మనల్ని ఆటపట్టిస్తున్నారా?" అన్నాను. ఆయన వేలు ముంచి వాసన చూసి, "నాకు జలుబు కూడా లేదురా" అన్నాడు. నీళ్లుంటే రంగు మారే బిళ్ల వేశాను. మారలేదు. అంటే నీళ్లు కావు. వాసన లేదు కాబట్టి నూనే అనీ అనలేను. మరి నేను పోసిందేమిటి?

సూపర్‌వైజర్ని అడిగితే "పొయ్యమన్నది పొయ్యి. నీకెందుకు కెమిస్ట్రీ?" అన్నాడు. పోశాను. విమానాన్ని కదలనివ్వకుండా ఇంజను తిప్పి చూశారు. తిరిగింది. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎందుకో తెలీకుండానే.

వాడి పారేసిన వంటనూనెతో చేశారట కదా? అయితే కనీసం వేపుడు వాసనైనా రావాలిగా? ఇంకోసారి నేలమీద తిప్పి, ఆ తర్వాత ఎగరేస్తారట. నేను పోసినదాని మీద మనుషులు గాల్లోకి పోతారు. అదేంటో చెప్పు. పుస్తకంలా చెప్పకు.

నీ తమ్ముడు,
అగ్గిపుల్ల
(నువ్వు పెట్టిన పేరు మా యార్డులో ఎవరి చెవినైనా పడితే నా ఉద్యోగం సరి.)

*

ప్రియమైన అగ్గిపుల్లా,

నీ ఉత్తరం ల్యాబులో చదివి నవ్వితే, పక్క బల్లవాళ్లు నా సీసాలో ఏమైనా పేలిందేమోనని చూశారు.

అది నూనే. పాత ఇంధనంలో ముక్కుకి ఘాటుగా తగిలే పదార్థాలు కొన్ని ఉంటాయి. కాలినప్పుడు మసి ఎక్కువగా వచ్చేదీ వాటివల్లే. మేం చేసినదాంట్లో అవి లేవు. వాసన లేకపోవడం లోపం కాదురా, మేం ఇన్నేళ్లు గింజుకున్నది దానికోసమే. వేపుడు వాసన ఎందుకు లేదంటావా? ఆ నూనెని మేం పెట్టిన చిత్రహింసలకి దాని పుట్టుక అది ఎప్పుడో మరిచిపోయింది.

నువ్వు అనుమానపడ్డావు చూడు, అది నాకు నచ్చింది. మా మీటింగుల్లో అనుమానపడేవాళ్లు తక్కువ. చెయ్యెత్తితే ముగ్గురు భాగస్వాముల వంకా చూసి దించేసుకోవాలి.

అన్నట్టు, మీ ట్యాంకరు ఎంత పాతది? గొట్టం చివర విమానానికి బిగించేచోట లోపల రబ్బరు రింగు ఉంటుందిగా, అది ఈమధ్య ఎప్పుడైనా మార్చారా? ఊరికే అడుగుతున్నాను.

వేళకి తిను. తాతగారికి నా నమస్కారాలు.

నీ అక్క

*

అక్కా,

"ప్రియమైన" తర్వాత రాస్తాను. ముందు ఇది చదువు.

రెండోసారి ఇంజను తిప్పడానికి నూనె పోస్తుంటే గొట్టం చివర బిగించినచోట కారింది. ముందు చుక్కలు, అంతలోనే ధార. నేను అరిచి, మీట కొట్టి ఆపేసరికి రెక్క కిందంతా మడుగు. అగ్నిమాపక బండి వచ్చి నురగ కొట్టింది. కోట్లవాళ్లు పరిగెత్తిన పరుగు చూసుంటే, అంత భయంలోనూ నువ్వు నవ్వేదానివి. ఎవరికీ ఏమీ కాలేదు. నిప్పు పుట్టలేదు. నాకు మాత్రం అంటుకుంది.

సూపర్‌వైజరు అందరి ముందూ నా కాలరు దగ్గరికి చెయ్యి తెచ్చి, "సరిగ్గా బిగించి చావలేదు వీడు!" అన్నాడు. గొట్టం పెట్టి పిడి తిప్పితే టక్‌మంటుంది. టక్‌మంటే బిగిసినట్టు. టక్‌మంది. నేను విన్నాను. "విన్నావా, కల కన్నావా?" అన్నాడు. గేటు పాసు లాక్కున్నారు. విచారణలో నాదే తప్పని తేలితే ఆ పాసు ఇక రాదు. ఇక్కడే కాదు, ఏ విమానం దగ్గరికీ నన్ను పోనివ్వరు. నాకు వచ్చిన పని ఇదొక్కటే అక్కా.

మా ట్యాంకరుకి రెండు గొట్టాలు. మొదటిసారి కుడిదానితో పోశాను, ఈసారి ఎడమదానితో. రెండిట్లోనూ అప్పట్నుంచీ మీ నూనే నిలవుంది. కారింది ఎడమది. గొట్టం పాతది, రింగు పాతది, ఇన్నేళ్లు చుక్క కారలేదు. మీ నూనె వచ్చాకే కారింది.

నువ్వు రింగు గురించి ఊరికే అడిగావు. ఎందుకు ఊరికే అడిగావు?

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు క్షేమంగా ఉన్నావు. మిగతావన్నీ తర్వాత.

నువ్వడిగిన ప్రశ్నకి నేను ఇప్పుడు జవాబు రాయలేను. మళ్లీ అడగకు. విచారణలో నువ్వు చూసింది, విన్నది మాత్రమే చెప్పు. నీకు తెలియనిది తెలుసని ఒప్పుకోకు. ఆ పాత రింగు ఎక్కడుంటే అక్కడే ఉండనివ్వు. నువ్వు మాత్రం ముట్టుకోకు.

కొన్నాళ్లు నా నుంచి ఉత్తరం రాకపోతే కంగారుపడకు.

నీ అక్క

*

గౌరవనీయులైన విశ్వవిద్యాలయం మేడమ్ గారికి,

ఇలాగే రాయాలి కదా? నీ ఉత్తరం మా ఆఫీసు నోటీసులా ఉంది. కింద "నీ అక్క" అని లేకపోతే ఎవరో వకీలు రాశాడనుకునేవాణ్ణి.

మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఫోనెత్తవు. నన్నేమనుకోమంటావు? నీకేదో తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నావు. మీ బ్యానరుకి మరక పడకుండా తమ్ముణ్ణి తుడుపుగుడ్డ చేశావు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన వాటికి నువ్వు దెబ్బలు తిన్నావని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇప్పుడు వడ్డీతో సహా తీర్చుకుంటున్నావా?

ఇక నా సంగతి విను. కారిన రోజున నాకు స్పష్టంగా గుర్తుంది. గొట్టం పెట్టాను, పిడి తిప్పాను, టక్. ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. "గట్టిగా తిప్పావా? ఆ కోట్లవాళ్ల వంక చూస్తూ మరిచావేమో? గుర్తు తెచ్చుకో." గుర్తు తెచ్చుకునేకొద్దీ అది అరిగిపోతోంది. ఆ టక్ ఆ రోజుదా, అంతకుముందు రోజుదా? రోజూ వినే చప్పుడు. అదే రోజు విన్నానని ఒట్టు పెట్టమంటే నా నాలుక తడబడుతోంది. నా చెయ్యి నాకే పరాయిదైపోయింది. నిన్న ఇంట్లో నీళ్ల కుళాయి కట్టేసి, మళ్లీ వెళ్లి చూసి, మళ్లీ వెళ్లి చూశాను.

సూపర్‌వైజరు నిన్న మెత్తగా మాట్లాడాడు. "బిగించడం మరిచిపోయానని రాసి సంతకం పెట్టు. మాట పడతావు, అంతే. పాసు తిరిగొస్తుంది. లేదంటే ఇది సాగుతుంది, నువ్వు గేటు బయటే ముసలివాడివైపోతావు" అన్నాడు. తాత మాత్రం "రాయకురా" అన్నాడు. ఎందుకని అడిగితే "ఏమో. రాయకు" అన్నాడు. నాకు కారణాలు చెప్పేవాళ్లే కరువయ్యారు.

రింగు ముట్టుకోవద్దన్నావు. ఆ రోజే సూపర్‌వైజరు దాన్ని పీకి, కొత్తది వేసి, పాతది బల్ల మీద గిరాటేశాడు. నేను జేబులో వేసుకున్నాను. ఇదిగో, ఈ కవర్లోనే పెట్టాను. నీ నూనె, నీ రబ్బరు, నువ్వే ఉంచుకో. వేలికి పెట్టుకో.

ఇట్లు,
మీ తుడుపుగుడ్డ

*

ప్రియమైన అగ్గిపుల్లా,

ఈ ఉత్తరం మా ల్యాబు పెద్ద మేడమ్ చదివాకే పోస్టులో వేస్తున్నాను. అందుకని తిట్లు కాస్త తగ్గించాను. తగ్గించినవి ఇంటికొచ్చాక అప్పజెబుతాను.

ముందు నీ కవరు. చేత్తో పట్టుకోగానే లోపల గుండ్రంగా తగిలింది. రింగే. తెరవకుండానే మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. "తమ్ముడు జేబులో వేసుకుని అక్కకి పంపిన రింగు. దీన్ని మనం పరీక్షిస్తే లోకం నవ్వుతుందమ్మా" అన్నారు. తెరవని కవరు ఈ ఉత్తరంతోపాటే తిరిగి పంపుతున్నాను. ఒరేయ్, విచారణవాళ్లు ఆ రింగు కోసం మీ యార్డంతా వెతికించారు!

ఇప్పుడు నువ్వడిగినదానికి జవాబు. రబ్బరు ఏళ్ల తరబడి పాత ఇంధనం తాగి ఉబ్బుతుంది. ఆ ఉబ్బే సందుని మూస్తుంది. ఉబ్బించేవి ఆ వాసనగల పదార్థాలే. అవి లేని మా నూనె తగిలితే ఉన్న ఉబ్బు కూడా తగ్గి, రబ్బరు చిక్కిపోతుంది. మనిషి చిక్కితే వేలికి ఉంగరం వదులైనట్టు. కొత్త రబ్బరుకి ఈ బాధ లేదు, పాతదానికే. నేను ల్యాబులో సీసాలో చూశాను. రాసి పైకి పంపాను. బయటికి చెప్పాలంటే ముగ్గురు భాగస్వాములూ ఒప్పుకోవాలి. నువ్వు చూసిన ఆ మూడు చేతులూ మా దగ్గర ఒకే నోటి మీద ఉంటాయి. అందుకే "ఊరికే" అడిగాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ నిద్రపట్టట్లేదు.

కారిందని నీ ఉత్తరం రాగానే నీకు ఆ నాలుగు ముక్కలు రాసి, మేడమ్‌కి చెప్పాను, అక్కడున్నది మా తమ్ముడని. ఆ క్షణం నుంచి ఆ పనిలో నేను వేలుపెట్టకూడదు, నీకు ముక్క రాయకూడదు. నేను నోరు తెరిస్తే తమ్ముణ్ణి కాపాడటానికి ఫలితం అల్లిందంటారు. ఇద్దరం మునుగుతాం. నా బల్ల, నా సీసాలు, రాసిన పత్రం మీద నా పేరు వేరేవాళ్లకి ఇచ్చేశాను. వాళ్లు ఆ పత్రం విచారణకి ఇచ్చారు కాబట్టే ఇప్పుడు నీకు రాయగలుగుతున్నాను.

మీ ట్యాంకరు కుడి గొట్టంలో అదే వయసు రింగు ఉంది. అదీ మా నూనె తాగింది. దాన్ని విచారణవాళ్లే సీలు వేశారు. అందరి ముందూ బిగించి చూస్తారు. కారుతుందో లేదో నాకు తెలీదు. నీ చెయ్యి ఆ రోజు బిగించిందో లేదో ఏ ల్యాబూ చెప్పలేదు. బిగించినా కారుతుందా అన్నది మాత్రం తేలుతుంది.

దేనిమీదా సంతకం పెట్టకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. సంతకం ముందురోజే పెట్టేశాను.

విచారణ యార్డులోనే పెట్టారు. కుడి గొట్టం సీలు విప్పారు. ఎవరు బిగిస్తారంటే సూపర్‌వైజరు "నేనే బిగిస్తా, చూస్కోండి" అని చొక్కా చేతులు మడిచాడు. పిడి తిప్పాడు. టక్. అంత మందిలో ఆ చప్పుడు ఒక్కటే వినబడింది నాకు. కళ్లల్లో నీళ్లొచ్చాయి. సిగ్గులేకుండా తుడుచుకున్నాను. తర్వాత నూనె వదిలారు. అందరం కిందికే చూస్తున్నాం. ఒక చుక్క, ఇంకో చుక్క, తర్వాత ధార. సూపర్‌వైజరు ఇంకా గట్టిగా తిప్పబోతే తాత అన్నాడు, "ఇక చాలు నాయనా, పిడి చేతికొస్తుంది."

నేను గెలిచాననుకున్నావా? ఆగు.

విచారణ పెద్ద ఆవిడ కాగితం తీసింది. "బిగించినా కారుతుందని తేలింది. మరి మరిచిపోయానని నువ్వెందుకు రాసిచ్చావు?" అంది.

"అందరూ అంటుంటే నాకూ అలాగే అనిపించిందండీ" అన్నాను.

"అంటే మరిచిపోలేదా?"

"తెలీదండీ."

"తెలీనిది ఎందుకు రాశావు?"

నేను సూపర్‌వైజరు వంక చూశాను. రాయించినాయన తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. ఆయన పేరు చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ సంతకం నాది.

పాసు తిరిగిచ్చారు. దాంతోపాటు ఒక హెచ్చరిక. కారినందుకు కాదట, తప్పు వాంగ్మూలం ఇచ్చినందుకట! ఎవడిమీద అరవాలో తెలీక ఇంటిదాకా నడిచొచ్చాను.

పాత రింగులన్నీ పీకేస్తున్నారు. అది పూర్తయ్యాకే ఒట్టి మీ నూనెతో విమానం ఎగురుతుంది. అప్పటిదాకా మీ నూనెని పాతదాంట్లో కలిపే పోస్తారట. ఇవాళ మొదటి సీసా నేనే పట్టి చూశాను. వాసన వచ్చింది. బాగుందో బాగాలేదో చెప్పలేను. బిగించాను. టక్. మళ్లీ పట్టుకుని చూశాను. తాత "అది ఇంక తిరగదురా, దాన్ని వదిలెయ్" అన్నాడు.

నువ్వు తిరిగి పంపిన కవరు చేతులు మారిందని విచారణవాళ్లూ వద్దన్నారు, నా బల్ల మీదే ఉంది. నేనూ తెరవలేదు. ఆ రోజు నా చెయ్యి ఏం చేసిందో అందులో లేదని తెలుసు. అయినా పారేయడానికి మనసు రావట్లేదు. ఏం చెయ్యను?

ఎగిరేరోజు బ్యానరు మళ్లీ కడతారు. పత్రం మీద నీ పేరు ఉండదుగా, నిన్ను లోపలికి పిలవరు. కంచె బయట నిలబడు, నేను లోపల నుంచి చెయ్యి ఊపుతాను. జిడ్డు చెయ్యి. గుర్తుపట్టడం తేలికే.

నిన్ను మేడమ్ గారూ అన్నందుకు నా నోరు పడిపోవాలి. ఆదివారం ఫోన్ చేస్తాను. అరుస్తాను. పెట్టేయకు.

నీ
అగ్గిపుల్ల