చెరువు కుడిచేతి వైపు

గడ్‌చాందూర్,
17 నవంబరు 1996.

చిరంజీవి ప్రతిభను బాపు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ, మన రెండు ఎడ్లు కులాసాగా ఉన్నాం. నాగపూర్ చలికి నువ్వెట్లా ఉన్నావో అని అమ్మ రోజుకు రెండుసార్లు నన్ను అడుగుతోంది, నాకేదో తెలిసినట్టు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పత్తి మొదటిసారి ఏరడం అయిపోయింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఆమె ఒప్పుకోదు. నీ గేరు సైకిల్ చెయిన్‌కు నూనె వేశాను. ఇక అసలు ప్రశ్న, డిసెంబరులో మీ కాలేజీవాళ్లు మన కొండల్లో చెరువు చుట్టూ పెట్టే సైకిల్ పందేనికి నిన్ను పోనిస్తానా లేదా అన్నది. వేసవిలో నువ్వు ఆ దారిన పోయి మోకాళ్లు చీరుకొని వస్తే ఎంత అరిచానో నీకు గుర్తుండే ఉంటుంది. నిజం చెప్పాలంటే, వద్దనడానికి ఒక గట్టి కారణం దొరుకుతుందనే నిన్న పొద్దున నీ సైకిల్ ఎక్కాను.

కట్ట దగ్గర దారి రెండుగా చీలింది. గుడి చుట్టూ తిరిగిన అలవాటు కదా, చెరువును కుడిచేతి వైపు ఉంచుకొని బయలుదేరాను. మైలు పోయేసరికి రాళ్ల ఎక్కుడు మొదలైంది. ఏ గేరు లాగితే ఏమవుతుందో తెలియక అన్నీ లాగాను, బరువు ఇంకా పెరిగింది. దిగి తోస్తుంటే ఆవులు మేపే లస్మయ్య ఎదురొచ్చాడు.

"ఏంది పటేలా, గిటు నుంచి వస్తున్నవ్? పోరగాళ్లందరు గటు నుంచి తిరుగుతరు. గటు దిక్కు ఎక్కుడు అల్కగుంటది" అన్నాడు.

"చెరువును ఎడమ చేతికి పెట్టి తిరుగుతరా?" అన్నాను.

"సైకిల్ తొక్కేటోళ్లకు గవన్నీ యాదికుంటయా?" అని నవ్వాడు. "నీ బిడ్డ ఒక్కతే నీ లెక్క గిటు నుంచి ఎక్కింది. కాలు కింద పెట్టలే."

మిగతా ఎక్కుడంతా నేను సైకిల్ తోసుకుంటూనే పోయాను.

పైకి చేరాక తల తిప్పి చూశాను. ప్రతిభా, పుట్టినప్పటి నుంచి ఈ నేల మీదే ఉన్నాను, ఆ నీళ్లు మన చేనుకు పారించుకున్నాను, కానీ ఆ చెరువును ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. చుట్టూ కొండలు, కొండల నిండా టేకు, మధ్యలో అన్ని నీళ్లు కదలకుండా. అవతలి ఒడ్డున కణుజు దుప్పుల గుంపు దిగి నీళ్లు తాగుతోంది, ఒక్కదానికీ తొందర లేదు. సిమెంటు ఫ్యాక్టరీ చప్పుడు లేదు, బస్సు హారన్ లేదు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. చేతులెత్తి దండం పెట్టాను, ఎవరికో తెలియదు. అంత పెద్దదాని ముందు నా భయం చూసుకొని సిగ్గేసింది. నువ్వు ఇదంతా చూసి ఇంటికి వచ్చావు, నేను నీ మోకాళ్లు మాత్రమే చూశాను.

ఇప్పుడు దాచిన సంగతి చెబుతాను. పది రోజుల కిందటే మీ ఆటల సార్‌కు మరాఠీలో ఉత్తరం రాశాను, మా బిడ్డ పందేనికి రాదు, పేరు కొట్టేయండి అని. ఆమెకే ఇష్టం లేదని అబద్ధం కూడా రాశాను. నిన్న కొండ దిగగానే ఎస్‌టీడీ బూత్ నుంచి ఆయనకు ఫోన్ చేశాను. "పేరు ఇప్పటికే కొట్టేశాను, సోమవారం సాయంత్రం లోపల మీరే వచ్చి చెబితే చూద్దాం" అన్నాడు.

అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపే సోమవారం, మొదటి బస్సుకు నేనే తెస్తున్నాను. ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పే ధైర్యం లేక రాశాను. మరాఠీ బడిలో చదివినదానివి, నీకు తెలుగు చదవడం నెమ్మది, తొందరేం లేదు. చదివాక కోపం వస్తే అక్కడే తిట్టు. తర్వాత నన్ను మీ సార్ ముందుకు తీసుకుపో. అబద్ధం ఆడింది నేనని ఆయనకు చెప్పాలి.

ఇట్లు,
హాస్టల్ గేటు బయట నిలబడి ఉన్న
నీ బాపు