నిప్పు లేకుండా ఉడికిన గుడ్డు

తమ్ముడూ,

నువ్వు పోయిన రోజు మళ్ళీ వచ్చింది. రసాయన శాస్త్రం అర్థం కాక బడి మానేస్తానన్న నా మనవరాలు మేరీని ఇవాళ నేనే చెయ్యి పట్టుకుని నువ్వు పాఠాలు చెప్పిన తరగతికి తీసుకెళ్ళాను. ఇప్పుడక్కడ నీ శిష్యురాలే టీచరమ్మ. ఆమె కుండలో రాతిసున్నం పోసి, మధ్యలో గుడ్డు పెట్టి, నీళ్ళు చల్లి అందరినీ దూరం జరిపింది. పొయ్యి లేదు, నిప్పు లేదు, కుండ కుతకుతలాడింది. చల్లారాక పెంకు వలిస్తే గుడ్డు ఉడికి ఉంది. ఏటేటా గోడలకు సున్నం వేయించే నేనే దాన్ని వేలితో నొక్కి చూశాను.

"గీ సున్నంల గంత వేడి యాడ దాగింది టీచర్?" అని అడిగింది మేరీ.

"నేను చెప్ప. రేపు నా ముంగట నువ్వే చేసి చూడు, గుడ్డు తెచ్చుకో" అందామె, అచ్చం నీలాగే.

ఇంటికి రాగానే మేరీ, "అమ్మమ్మా, రేపటికి గుడ్డు గావాలె" అంది.

రెండు తీసి పెట్టాను, రెండోది నేను చేసి చూడటానికి.

అక్క