లప్పం కింద గీత

అక్టోబర్ 3
నా కొడుకు అనిల్ పోయి రెండు నెలలు. డెంగీ. ఇరవై ఆరేండ్లు. వాని నోట్‌బుక్కులనే రాస్తున్న. ఐదో తరగతి చదువు నాది, తప్పులు ఎవలు చూస్తరు.

వాడు పెరట్ల పాత కార్ల అలాయ్ వీల్స్ కొత్తగ చేసేటోడు. చర్ల అవతల ఊర్లకు బండి తోలే రూప్‌సింగ్‌వి నాలుగు వీల్స్ సగంల ఆగినయ్. నేనే చేసిన. రుద్దిన, గుంతలకు లప్పం పెట్టిన, సిల్వర్ స్ప్రే కొట్టిన. ఇయ్యాల వచ్చి బిగించుకున్నడు. అమ్మా, అనిలన్న చేసినట్టే మెరుస్తున్నయ్, నా ముసలి బండికి పెండ్లికళ వచ్చింది అన్నడు. నవ్వొచ్చింది. వాడు పోయినంక మొదటిసారి.

అక్టోబర్ 5


పెరడు ఊడుస్తుంటే గోడమూలకు ఒక వీల్ కనపడ్డది. అనిల్ పక్కకు పెట్టింది. మార్కర్‌తోని క్రాక్, ఇయ్యొద్దు అని రాసిండు. అసొంటిది నడుస్తుంటేనే ఇరుగుతది అనేటోడు. లోపలి అంచుకు వెంట్రుకంత గీత. గసొంటిదే రూప్‌సింగ్ వీల్ ఒకదానికి చూసిన. గీరుకపోయిందనుకొని లప్పం నింపిన.

వాడు ప్రతి వీల్‌కు గాసునూనె, అదే కిరోసిన్, పూసి, తుడిచి, ముగ్గుపిండి చల్లేటోడు. పగులుంటే నూనె పైకొచ్చి పిండి మీద గీత తేల్తది. నేను చల్లలే. చావైన ఇంట్ల ఏడాది దాకా ముగ్గు వద్దని మా అత్త పిండి డబ్బా పారబోసింది. పిండి లేదు గదా అని ఊకున్న.

పిండి లేదని.

అదే రోజు, మూడింటికి
రూప్‌సింగ్ ఫోన్ కలుస్తలేదు. చర్ల అవతల సిగ్నల్ ఉండదు. ఆ ఊర్లనుంచి భద్రాచలం దవాఖానకు మనుషులను తెచ్చేది ఆ బండే.

మా ఆయనకు చెప్పిన. నోరు మూసుకో, చచ్చినోని పేరు ఖరాబ్ చేస్తవా అన్నడు. అందరు వాని పనే అనుకుంటరంట. నిన్నెవలు చెయ్యమన్నరు అన్నడు. తర్వాత ఏడ్చిండు.

అక్టోబర్ 6, పొద్దున ఆరు
మణుగూరు బస్టాండ్ల భద్రాచలం బస్సు కోసం కూసున్న. సంచిల గాసునూనె సీస, సాండ్‌పేపర్. ఎవలి ఫోన్ మోగినా అటే చూస్తున్న.

సాయంత్రం
భద్రాచలంల చర్ల రోడ్డు మీద నిలవడ్డ. పదకొండింటికి బండి వచ్చింది. అడ్డం పోయిన. తొమ్మిదిమంది. దిగుండ్రి అన్న. దవాఖానల డాక్టర్ నీ మొగుడా, మాకోసం ఆగనీకి అని ఒక ముసలాయన తిట్టిండు. పూనకమొచ్చినట్టుంది, నిమ్మకాయ తేండ్రి అని ఇంకొకడు నవ్విండు. రూప్‌సింగ్ మాత్రం విని, జాకీ తీసిండు.

నాలుగూ ఒక్కతీరే మెరుస్తున్నయ్. పగులుంది ఏదో గుర్తువడతలే. రంగు, లప్పం గీకిన. నూనె పూసి తుడిచిన. పిండి తెచ్చుడు మర్చిపోయిన. జంపక్క అనే ఆమె చంకల పిల్లతోని దిగింది. పిల్ల పౌడర్ డబ్బా తీసి ఇచ్చింది.

మొదటిదానికి ఏం లేదు. రెండోదానికి లేదు. ఇగ చాలు ఎక్కుండ్రి అన్నరు. మూడోదానికి తేలింది. జానెడు గీత. ఎవ్వలు నవ్వలే. నాలుగోది మంచిగుంది.

అనిలన్న చూసుకోలేదా అని రూప్‌సింగ్ అడిగిండు. అవ్ అంటే అయిపోయేది. వాడొచ్చి కాదంటడా. వాడుంటే ఇచ్చేటోడు గాదు బిడ్డా, లప్పం పెట్టింది నేను అన్న. ఆయన ఆ వీల్ తీసి బండిల పడేసిండు. స్టెప్నీ వేసుకొని పోయిండు. తిట్టినా బాగుండు.

అక్టోబర్ 14
రూప్‌సింగ్ పగిలినదాని జాగల ఎయ్యనీకి ఇంకో పాత వీల్ తెచ్చి గేటు కాడ పెట్టి పోయిండు. పిలువలే. నేను ఇంకా పని మొదలుపెట్టలే. వానొచ్చేటట్టుందని లోపటికి తెచ్చిన.