పసుపు పూసిన రాయి

బావగారికి,

ఫోన్లో చెబితే మీ చెల్లెలు వింటుందని ఉత్తరం రాసి మనిషి చేత పంపుతున్నాను. టీచర్ల వేసవి శిక్షణలో చూపించడానికి వినగడప వాగులో మీరు ఏరుకొచ్చిన ఆకు అచ్చు పడిన శిలాజం రాయిని ఎవరూ ఎత్తుకుపోలేదు. నిన్న మా ఇంట్లో మీరు భోజనానికి కూర్చున్నప్పుడు, కాసేపు ఏడిపిద్దామని నేనే దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, వీధి మలుపులో నిలబెట్టాను. మీరు చెయ్యి కడుక్కునేలోపే పక్కింటి సరోజినీదేవిగారు కొబ్బరికాయ కొట్టేశారు.

ఇప్పుడు తీయబోతే, "అమ్మవారి మీద చెయ్యి వేశావంటే విరుస్తాం" అంటున్నారు వీధివాళ్లు. రేపు శిక్షణలో చూపించకపోతే మీ పరువు పోతుందని తెలుసు. చదువుకున్నవారు, మీరే వచ్చి వీళ్లకి కోట్ల ఏళ్ల సైన్సు చెప్పి పట్టుకెళ్లండి.

త్వరగా రండి. మీ చెల్లెలు కూడా పోల్చుకోలేక పొద్దున్నే దానికి దణ్ణం పెట్టి, "మా అన్నయ్య రాయి దొరికితే నీకు గుడి కట్టిస్తాను తల్లీ" అని మొక్కుకుంది.

మీ చెల్లెలి మొగుడు