తాతలకిచ్చిన శనివారం

గాజువాక,
7-7-2003.

కంచరపాలెం బావగారికి నమస్కారాలు.

రోజువారీ పద్దు తప్ప మరేదీ రాసే అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

మావాడూ మీ అమ్మాయీ విడాకులు తీసుకున్నాక, ప్రతి ఆదివారం మనవరాలిని మీరు మా బస్టాపులో దింపుతారు, నేను ఇంటికి తీసుకెళ్తాను. ఆ కాసేపూ మీరు తిరుగు బస్సు కోసం చూస్తారు, నేను సినిమా పోస్టరు చూస్తాను.

నిన్న దారిలో సాయిదుర్గ నిలదీసింది.

"తాతా, అమ్మా నాన్నా ఇడిపోయారు, సరే. మీరిద్దరూ ఎప్పుడు ఇడాకులు తీసుకున్నారు? నాకు సెప్పనేదేటి?"

"మాకేటి విడాకులమ్మా!"

"మరి మాటాడుకోరేటి? ముందు చదరంగం ఆడి దెబ్బలాడుకునేవోరు కదా!"

ఇల్లు చేరేదాకా సినిమా కబుర్లు చెప్పి మాట మార్చాను. అన్నం దగ్గర కూర్చుని తనే తీర్పు చెప్పింది.

"కోర్టు నాన్నకి ఆదివారం ఇచ్చింది. మీ ఇద్దరికీ నాను శనివారం ఇచ్చాను. కలవకపోతే ఆదివారం నాను బస్సెక్కను."

ఏడేళ్ల పిల్లే గానీ అన్నంత పనీ చేస్తుంది, మీ పోలిక. అందుకని శనివారం సాయంత్రం వస్తున్నాను. చదరంగం బల్ల మీ ఇంట్లో ఉండిపోయింది, పావులు నా దగ్గరున్నాయి, తెస్తాను. మాట్లాడకపోయినా ఫరవాలేదు. పిల్ల చూస్తూ ఉంటుంది కనుక మునుపటిలా దెబ్బలాడుకుంటే చాలు.

ఇప్పటికీ మీ
బావ